జెనెఫోర్జ్‌లో తొలి ప్రాణిని సృష్టించడం ఎలా?

జెఫ్ వోగెల్‌కు చెందిన స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ 2001లో ప్రారంభించిన జెనెఫోర్జ్ అనే కంప్యూటర్ ఆటల వరుస 2008లో ఐదవ భాగంతో ముగిసింది. తొలి భాగానికి 2021లో మ్యూటజెన్ అనే కొత్త రూపం వచ్చింది. దీనికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు కనుక అనంతపురంలోని మా పాత లాప్‌టాప్ కూడా సరిపోయింది.

కొత్తవారు గార్డియన్, ఏజెంట్ పాత్రలను పక్కనపెట్టి షేపర్‌ను ఎంచుకోవడం మేలు, ఎందుకంటే ప్రాణులను సృష్టించడంలో అతనిదే పైచేయి. ముందుగా నిప్పు ఉమిసే ఫయోరాను సృష్టించండి. దగ్గరగా నిలిచి కొట్టడానికి థాడ్‌ను తోడివ్వండి.

ప్రాణిని చేయడానికి వెచ్చించిన ఎసెన్స్ (ప్రాణుల సృష్టికి, మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) అది బతికి ఉన్నంతకాలం మీకు అందుబాటులో ఉండదు. మా జిల్లా రైతు నాటిన వేరుశనగ విత్తనాన్ని వెనక్కి తీసుకోలేడు గాని, ఇక్కడ అక్కరలేని ప్రాణిని తిరిగి మీలో కలుపుకుంటే ఆ ఎసెన్స్ మళ్లీ వాడుకోవచ్చు. అయినప్పటికీ పోరాటాల్లో అనుభవం గడించి బలపడిన ప్రాణిని తొందరపడి వదులుకోవద్దు. అలాగే మంత్రాలకు కొంత ఎసెన్స్ మిగల్చకుండా అంతా ప్రాణుల మీదే వెచ్చించడం, నా దృష్టిలో, కొత్తవారు చేసే పెద్ద పొరపాటు.

ఆట జరిగే సూసియా ద్వీపంలో దొరికే కానిస్టర్లు అనే డబ్బాలు వెంటనే శక్తినిస్తాయి, కాని అతిగా వాడితే మీ పాత్ర స్వభావమే మారిపోతుంది. అందువల్ల ప్రతి కానిస్టర్‌కు ముందు ఆటను సేవ్ చేసుకోండి.