మెదడు గడ్డ ఆపరేషన్‌లో ఫ్లోరెసిన్: ఎంత, ఎప్పుడు, ఎలా చూడాలి

కంటి ఆస్పత్రుల్లో రెటీనా యాంజియోగ్రామ్‌కు వాడే పసుపు మందే సోడియం ఫ్లోరెసిన్. గ్లయోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్ గడ్డ) అంచు పట్టుకోవడానికి కూడా అది బాగా పనికొస్తుంది, ఇదే పనికి వాడే మరో మందు 5-ఏఎల్ఏ కన్నా చాలా చవక. కానీ రెండూ పనిచేసే తీరు వేరు. 5-ఏఎల్ఏ గడ్డ కణాల లోపల ప్రోటోపార్ఫిరిన్‌గా మారి, నీలి వెలుతురులో ఎర్రగా మెరుస్తుంది. ఫ్లోరెసిన్‌కు కణాలతో పనిలేదు. బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ (రక్తంలోని పదార్థాలు మెదడులోకి వెళ్లకుండా ఆపే అడ్డు) ఎక్కడ చెడితే అక్కడ బయటికి ఊరుతుంది. ఈ సంగతి మరిస్తే పసుపుగా కనిపించినదంతా గడ్డే అనిపిస్తుంది.

అందుకే ముందు ఎమ్మారై చూడండి. గాడోలినియంకు (ఎమ్మారైలో ఇచ్చే కాంట్రాస్ట్ మందు) వెలిగిన గడ్డలోనే ఇది నమ్మకంగా పనిచేస్తుంది. కాంట్రాస్ట్ పట్టని, నెమ్మదిగా పెరిగే లో-గ్రేడ్ గ్లయోమాలో దీని మీద ఆశ పెట్టుకోవద్దు. మందు కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి క్రియాటినిన్ చూడాలి. గతంలో ఫ్లోరెసిన్ పడని రోగికి ఇవ్వకూడదు. ఇది కంటి పరీక్ష కోసం వచ్చిన మందు, కనుక మెదడు ఆపరేషన్‌లో వాడుతున్నట్టు సమ్మతి పత్రంలో విడిగా రాయించండి.

మోతాదు కిలోకు 5 మి.గ్రా. 60 కిలోల మనిషికి 300 మి.గ్రా., అంటే 20 శాతం వయల్ నుంచి 1.5 మి.లీ., 10 శాతం వయల్ నుంచి 3 మి.లీ. వయల్ మీద శాతం చదవకుండా లాగితే మోతాదు రెట్టింపవడమో సగానికి పడిపోవడమో జరుగుతుంది. మత్తు ఇచ్చి ట్యూబ్ వేశాక, కోత పెట్టకముందే సిరలోకి నెమ్మదిగా ఎక్కించండి. అంతకుముందు సెలైన్ తోసి కాన్యులా (సిరలో పెట్టిన గొట్టం) సరిగా ఉందని తేల్చుకోండి. మందుకు క్షార గుణం ఉంది, బయటికి కారితే చర్మం దెబ్బతింటుంది. అరుదుగా అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) రావచ్చు, అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి.

డూరా (మెదడును కప్పే పై పొర) తెరిచి కోత మొదలయ్యాక మందు ఇవ్వడమే ఇందులో పెద్ద తప్పు. తెగిన నాళాల్లోంచి రంగు కారి మంచి మెదడూ పసుపెక్కుతుంది. ముందే ఇచ్చినా డూరా ఎప్పుడూ పసుపుగానే ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మైక్రోస్కోప్‌లో 560 నానోమీటర్ల పసుపు ఫిల్టర్ కావాలి. ఐసీజీకి (రక్తనాళాలు చూడటానికి వాడే మరో రంగు మందు) వాడే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్‌తో ఇది కనిపించదు. గడ్డ నడిమి భాగాన్ని మామూలు తెల్ల వెలుతురులోనే తీసి, గోడల దగ్గరికి వచ్చాక ఫిల్టర్ వేయండి. చూసే ముందు గడ్డ తీసిన గుంటను సెలైన్‌తో కడగాలి. నిలిచిన రక్తం మెరుపును కప్పేస్తుంది, గుంటలో చేరిన ద్రవం లేని మెరుపును చూపిస్తుంది. దట్టమైన పసుపును తీయండి. వాపున్న చోట కూడా లేత పసుపు కనిపిస్తుంది, అక్కడ ముక్క తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు (ఆపరేషన్ మధ్యలోనే చేసే కణజాల పరీక్ష) పంపండి. మాట, చేతికాళ్ల కదలిక కేంద్రాల దగ్గర పసుపు ఎంత దట్టంగా ఉన్నా మ్యాపింగ్ (ఆ కేంద్రాలు ఎక్కడున్నాయో గుర్తించే పరీక్ష) ఆగమంటే ఆగాల్సిందే.

చర్మం కొన్ని గంటలు, మూత్రం ఒక రోజు దాటి కూడా పసుపుగా ఉంటాయి. ఆ సంగతి వార్డు నర్సుకూ ఇంటివాళ్లకూ ముందే చెప్పండి, కామెర్లనుకుని కంగారుపడతారు.