అరవై దగ్గర విడాకులు: కోర్టు మెట్లెక్కే ముందు బీరువా తెరవండి

మా అప్ప, అంటే మా అక్క, తన 58వ ఏట ఒక రేకు పెట్టె పట్టుకుని ఆమదాలవలస నుంచి శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రి పెట్టె తెరిచి కాగితాలన్నీ మంచం మీద పరిచాం. గదంతా కలరా ఉండల వాసన. కుంకుమ మరక పడ్డ పట్టాదారు పాసు పుస్తకం, దాని మీద బావ ఫొటో. రబ్బరు బ్యాండు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయిన ఎల్‌ఐసీ బాండ్లు. కరెంటు బిల్లులు, పిల్లల మార్కుల లిస్టులు, 1989 నాటి పెళ్లి ఫొటోలు. 34 ఏళ్లు ఆ ఇల్లు నడిపిన మనిషి పేరు అంత గుట్టలో రెండు చోట్లే కనిపించింది. ఒకటి డ్వాక్రా పుస్తకం మీద. రెండోది ఇంటి లోను కాగితం మీద, బావతో పాటు అప్పు తీసుకున్న మనిషిగా. రిజిస్ట్రేషన్ మాత్రం బావ ఒక్కడి పేరునే ఉంది. అంటే ఇల్లు ఆయనది, అప్పు ఇద్దరిదీ.

నేను 30 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని. ఎంతమందికో నామినీ ఫారాలు నింపి పెట్టాను. సొంత అప్ప కాగితాలు మాత్రం ఆ రాత్రి వరకు ఒక్కసారీ చూడలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. ఈ వయసులో విడిపోదామనుకునేవాళ్లు, విడిపోక తప్పదని తెలిసినవాళ్లు, గొడవ ముదరకముందే చదవాలి.

మొదట ఒక భ్రమ వదిలించుకోవాలి. విడాకులైతే ఆస్తిలో సగం భార్యకి వస్తుందని చాలామంది అనుకుంటారు. మన హిందూ వివాహ చట్టంలో అలాంటి నియమం లేదు. ఆస్తి ఎవరి పేరున ఉంటే వాళ్లదే. భార్య పేరున భర్త కొన్న స్థలానికైనా మామూలుగా ఇదే లెక్క, కాబట్టి మగవాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. భార్యకి ఉన్నవి భరణం, స్త్రీధనం, గృహహింస చట్టం కింద కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు. 1955 చట్టంలోని 24, 25 సెక్షన్ల కింద భరణం భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. ముస్లింలకు, క్రైస్తవులకు చట్టాలు వేరు. వాళ్లు తమ వకీలుని విడిగా అడగాలి.

అందుకే నోటీసు ఇచ్చేముందు, లేదా వచ్చిన వారంలోనే, కాగితాల పని మొదలుపెట్టండి. ఒరిజినల్స్ ఎత్తుకుపోనక్కర్లేదు, అది కొత్త గొడవ. ఇంట్లో ఉన్న ప్రతి కాగితాన్నీ ముందూ వెనకా ఫోన్లో ఫొటో తీసి, నమ్మకమైన ఒక మనిషికి పంపి ఉంచండి. భూమి సంగతి ఇంట్లో కాగితాలు లేకపోయినా తేలుతుంది. ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో), అడంగల్ (ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో) చూసుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), దస్తావేజు నకలు తీసుకోవచ్చు. ఈసీ కనీసం 30 ఏళ్లకి తీయించండి. తాకట్లు, గుట్టుగా రాసిచ్చిన గిఫ్టులు, ఎప్పుడో అమ్మేసిన సెంట్లు అన్నీ అందులోనే బయటపడతాయి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు వచ్చింది. దస్తావేజులో పాతది, పాసు పుస్తకంలో కొత్తది ఉంటుంది కాబట్టి పక్కపక్కన రెండూ రాసి పెట్టుకోండి. లేకపోతే రేపు కోర్టుకిచ్చే ఆస్తుల జాబితాలో, అంటే షెడ్యూల్లో, ఒకే మడి రెండు మళ్లుగా పడుతుంది. 2018లో తిత్లీ తుపాను నాడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలతో పాటు ఇళ్లలోని కాగితాలు కూడా తడిసి పోయినవాళ్లున్నారు. అలాంటివాళ్లు నకళ్ల కోసం ఇంకా ముందుగా తిరగాలి.

బంగారం గురించి ఆడవాళ్లు ఎక్కువగా నష్టపోయేది రుజువు లేక. పుట్టింటివాళ్లు పెట్టినది, పెళ్లికి వచ్చినది స్త్రీధనం, అది పూర్తిగా ఆమెదే. కానీ ఏం పెట్టారో చూపించాలి కదా. మా అప్ప పెళ్లి ఫొటోలు అప్పుడు పనికొచ్చాయి. ఒక ఫొటోలో మెడలో పట్టెడ, కాసుల పేరు స్పష్టంగా ఉన్నాయి. వాటిని పెద్దగా ప్రింటు తీయించాం. చేతిలో ఉన్న నగల్ని తెలిసిన షాపులో తూకం వేయించి, మిషన్ మీద గ్రాములు కనబడేలా ఫొటో తీసి, చీటీ రాయించుకున్నాం. నగలు భార్యవి, గోల్డ్ లోను భర్త పేరున ఉంటే, లోను తీరిన రోజు బ్యాంకు నగలు ఎవరి చేతికిస్తుంది? లోను తీసుకున్నవాడి చేతికే. ఆ సంగతి వకీలుకి ముందే చెప్పాలి.

ఇక జాయింట్ అకౌంటు. ‘ఇద్దరిలో ఎవరైనా’ అని ఉన్న సేవింగ్స్ ఖాతాలోంచి ఎవరైనా మొత్తం తీసేయవచ్చు. మా అప్ప ఖాతాలో అదే జరిగింది. శుక్రవారం సాయంత్రం 4,12,000 రూపాయలు పోయాయి, సోమవారం తను వెళ్లేసరికి 1,300 మిగిలింది. ఆ బ్యాంకు తప్పేమీ లేదు, రూలు అలాగే ఉంది. చేయాల్సింది ఏమిటంటే, గొడవ మొదలవగానే ‘ఇకమీదట ఇద్దరి సంతకాలతోనే లావాదేవీ జరపాలి’ అని రాతపూర్వకంగా ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లకి కూడా అదే ఉత్తరం పనిచేస్తుంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీము ఉంటే ఒక విషయం చూడండి. దాన్ని భార్యాభర్తలు కలిసి తెరవవచ్చు, ఒకరి పేరున పరిమితి 30 లక్షలు. కానీ జాయింట్‌గా ఉన్నా డబ్బు మొత్తం మొదటి పేరువాళ్లదిగానే లెక్క. మీ పేరు రెండోది అయితే అందులో సగం మీదని నమ్ముకుని కూర్చోవద్దు.

అవతలివాళ్లు తీసేశారని మీరు కూడా ఇంకో ఖాతా ఖాళీ చేయకండి. రేపు జడ్జిగారు ఇద్దరి స్టేట్‌మెంట్లూ చూస్తారు. హింస, బెదిరింపు ఉన్నచోట గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఖాతాలు, లాకర్లు వాడకుండా, ఆస్తులు అమ్మకుండా ఆపగలరు. ఆ దారి వకీలుతో మాట్లాడి పట్టుకోండి.

ఫోన్ సంగతి చిన్నదనిపిస్తుంది, కాదు. మా అప్ప ఆధార్‌కి బావ నంబరు, బ్యాంకుకి బావ నంబరు. ఓటీపీ ఏది వచ్చినా ఆయనకే. మొదటి రోజే తన పేరున కొత్త సిమ్ తీసుకుని, ఆధార్ సెంటర్లో నంబరు మార్పించి, ఆ తర్వాత బ్యాంకు, గ్యాసు, ఎల్‌ఐసీ, చివరికి ఈమెయిలు. ఈ వరసలో చేస్తే మిగతా పనులు సులువవుతాయి. యూపీఐ పిన్ కూడా మార్చండి. అవతలివాళ్ల ఫోన్లోకి దూరి వెతకడం మాత్రం వద్దు, అది మీ మీదకే కేసవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉత్తరాంధ్రలో పల్లెపల్లెనా టీచర్లు, రెవెన్యూ ఉద్యోగులు, రైల్వేవాళ్లు, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో పెద్ద ఆస్తి పొలం కాదు, పింఛను. విడాకుల డిక్రీ పడిన రోజున భార్య భార్య కాకుండా పోతుంది. ఆ తర్వాత ఆ మాజీ భర్త చనిపోతే ఆమె వితంతువు కాదు, కుటుంబ పింఛను రాదు. పీపీఓలో (పింఛను మంజూరు కాగితంలో) ఎన్నేళ్లనుంచి ఆమె ఫొటో ఉన్నా సరే. కేసు నడుస్తుండగా, డిక్రీ పడకముందే భర్త చనిపోతే ఆమె ఇంకా భార్యే, హక్కు ఉంటుంది.

లెక్క వేసి చూడండి. చివరి బేసిక్ 80,000 అనుకుంటే కుటుంబ పింఛను దాని మీద 30 శాతం, 24,000. డీఆర్ (పింఛనుదార్ల కరువు భత్యం) దాని మీద వేరే. భర్త కంటే ఐదేళ్లు చిన్నదైన భార్య ఆయన తర్వాత పదేళ్లు బతికినా అది ఎంతవుతుందో మీరే చూసుకోండి. దాంతోపాటు ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు మీద ఆస్పత్రి వైద్యమూ పోతుంది. అరవై దాటినవాళ్లకి కొత్తగా ఆరోగ్య బీమా తీసుకుంటే ప్రీమియం ఎంత ఉంటుందో, పాత జబ్బులకి ఎన్నాళ్లు ఆగమంటారో అందరికీ తెలుసు. సంప్రదింపుల్లో కూర్చున్నవాళ్లు పొలం సెంట్ల గురించి గంటలు గంటలు వాదించుకుంటారు, ఈ రెండూ ఎవరికీ గుర్తుకు రావు.

మేం చేసింది ఇది. పీపీఓ కాపీ తీసుకుని పోగొట్టుకునే కుటుంబ పింఛనును, వైద్యాన్ని అంకెల్లో ఒక కాగితం మీద రాసి, ఒకేసారి ఇచ్చే భరణంలో వాటిని కలపమని అడిగాం. ‘ఇదేం లెక్క, నేను బతికే ఉన్నానుగా’ అన్నాడు బావ. వకీలు గారే నెమ్మదిగా చెప్పారు, ‘మీరు వందేళ్లు బతకండి మాస్టారూ, ఆవిడ కూడా బతకాలి కదా’ అని. అప్పుడు ఒప్పుకున్నాడు. మళ్లీ పెళ్లి ఆలోచన ఎవరికీ లేకపోతే ఇంకో దారి కూడా ఉంది. హిందూ వివాహ చట్టం 10వ సెక్షన్ కింద కోర్టు ద్వారా విడిగా ఉండటం. అందులో వివాహం రద్దు కాదు. మీ ఉద్యోగపు పింఛను రూల్సులో దానికి ఏమేం షరతులున్నాయో ట్రెజరీలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే నిర్ణయించుకోండి. 2004 సెప్టెంబరు 1న, ఆ తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులది సీపీఎస్ (ఉద్యోగి వాటా కూడా కట్టే పింఛను పథకం), అక్కడ చూడాల్సింది ప్రాన్ ఖాతా (ఆ పథకంలో ఉద్యోగి పేరున ఉండే ఖాతా), దాని నామినీ.

అప్పుల వైపు కూడా ఇంతే కళ్లు పెట్టాలి. ఎక్కడెక్కడ సంతకం పెట్టారో గుర్తు చేసుకోండి. కొడుకు చదువు లోను, ఆడపడుచు కొడుకు చీటీకి జామీను, డ్వాక్రా లోను తీసుకుని భర్త ఆటోకి కట్టిన డబ్బు. మీ పేరున ఉన్న లోన్లన్నీ చూపించే సిబిల్ రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా వస్తుంది, తీస్తే చాలా బయటపడతాయి. ‘ఇంటి లోను ఆయనే కడతాడు’ అని ఒప్పందంలో రాసుకున్నా అది బ్యాంకుని కట్టేయదు. బ్యాంకు కాగితం మీద మీ పేరు తీసేదాకా బాకీ మీదే. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు, ఖాళీ స్టాంపు పేపర్లు ఎవరి దగ్గరున్నా నంబర్లతో సహా రాసి వెనక్కి అడగండి, ఇవ్వకపోతే చెక్కులు ఆపమని బ్యాంకుకి ఉత్తరం.

కోర్టులో భరణం అడిగితే ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఖర్చులు చెబుతూ అఫిడవిట్ వేయాలి. రజ్నేష్, నేహ కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు దీనికి నమూనాలు ఇచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్లకి వేరే నమూనా ఉంది, మన జిల్లాలవాళ్లు అది అడిగి తీసుకోండి. కౌలు, ధాన్యం డబ్బు, పశువులు రాసే చోటు అందులో ఉంటుంది. అబద్ధం రాస్తే కేసు అవుతుంది, మీకైనా సరే. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కిస్తారు కాబట్టి ‘చూద్దాం, మారతాడేమో’ అని నెలలు గడిపితే ఆ నెలలు పోయినట్టే. వకీలు ఫీజుకి భయపడి ఆగొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100.

పెద్దమనుషుల మాటకొస్తే, వాళ్లు రాజీ కుదిరిస్తే మంచిదే. కానీ వాళ్లు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించిన విడాకుల కాగితాన్ని నమ్మి ఊరుకోకండి. కులాచారం రుజువైతే తప్ప అది విడాకులు కాదు. దాంతో పొలం పేరు మారదు. కుదిరిన రాజీనే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్‌గా వేయండి. కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. మొదటిసారి, రెండోసారి హాజరు మధ్య ఆరు నెలలు. 2017 నుంచి తగిన కేసుల్లో కోర్టు దాన్ని మినహాయించగలదు. డిక్రీ పడేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, అందుకే డబ్బంతా ముందే ఇచ్చేయకూడదు, హక్కులన్నీ ముందే వదులుకోకూడదు. మేం మూడో వంతు మొదటి హాజరుకి, మిగతాది రెండో హాజరునాడు జడ్జిగారి ముందు డీడీగా అని రాయించాం. డీడీ నంబర్లు కూడా ఎక్కించాం.

ప్రతి ఆస్తినీ సర్వే నంబరు, హద్దులు, డోరు నంబరుతో పిటిషన్ షెడ్యూల్లోనే పెట్టండి. షెడ్యూల్లో లేని ఆస్తిని రాజీలో రాసుకుంటే దానికి మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇల్లో స్థలమో ఒకరి నుంచి ఒకరికి రాసివ్వాల్సి ఉంటే డిక్రీకి ముందో తర్వాతో అన్నది ఆడిటర్‌ని అడగండి. భార్యాభర్తల మధ్య గిఫ్టుకి పన్ను లేదు, విడిపోయాక చుట్టరికం ఉండదు.

కోపంలో పొలమంతా కొడుకు పేరున రాసేసే పెద్దవాళ్లని ఈ మధ్య చాలామందిని చూశాను. రాయాలనే ఉంటే, నన్ను చూసుకోవాలి అన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. అది ఉంటే 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద వెనక్కి తెచ్చుకునే దారి ఉంటుంది.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు కనీసం ఐదు తీసుకోండి. ఎల్‌ఐసీ, బ్యాంకు, పీఎఫ్, పోస్టాఫీసు, అన్నిచోట్లా నామినీలు మార్చండి. ముఖ్యంగా ఎల్‌ఐసీ. 2015 తర్వాత భార్య లేదా భర్త నామినీగా ఉంటే ఆ డబ్బు వాళ్లకే చెందేలా చట్టం మారింది, పాత పేరు వదిలేస్తే మీ పిల్లలు తర్వాత తిరగాలి. పాత వీలునామా విడాకులతో తనంతట తాను పోదు, కొత్తది రాయండి. రైస్ కార్డు విడగొట్టడానికి సచివాలయంలో డిక్రీ కాపీ అడుగుతారు.

మా అప్ప ఇప్పుడు ఏడు రోడ్ల కూడలి దగ్గర రెండు గదుల ఇంట్లో ఉంటోంది. రేకు పెట్టె అదే. మొన్న వెళ్తే తెరిచి చూపించింది. అడుగున పెళ్లి ఫొటోలు, పైన ప్లాస్టిక్ కవర్లో కొత్త ఎఫ్‌డీ రసీదులు. ‘చెల్లీ, నామినీ గడిలో నీ పేరు రాశాను, కోప్పడకు’ అంది.