డాక్స్ టీంని పెంచడం ఎలా – 3వ పాఠం: ముందు వడ్డించేవాళ్ళని లెక్కపెట్టండి

పోయినసారి ఇచ్చిన ఇంటిపని చేసే ఉంటారనుకుంటున్నా, చెయ్యకపోతే ఇక్కడే ఆగి చేసేసి రండి, ఎందుకంటే ఈ పాఠం మొత్తం ఆ అంకెల మీదే నడుస్తుంది. గుర్తు లేనివాళ్ళకి మళ్ళీ చెప్తున్నా: మీ ప్రాజెక్టు డాక్స్ (వాడేవాళ్ళ కోసం రాసే డాక్యుమెంటేషన్) రిపోలో, అంటే ఆ ఫైళ్ళన్నీ ఉండే చోట, చివరి 20 పుల్ రిక్వెస్టులు (పీఆర్‌లు, 'ఈ మార్పు కలుపుకోండి' అని పంపేవి) తీసుకుని, ఒక్కోటి ఏ రోజు వచ్చింది, మొదటి రిప్లై ఎప్పుడు పడింది, ఎప్పుడు మెర్జ్ అయింది, అంటే అసలు ఫైళ్ళలో కలిసింది (లేదా అలా గాల్లో వదిలేసారా), ఈ మూడూ ఒక షీట్‌లో రాయమన్నాను.

ఇప్పుడు ఆ షీట్‌లో రెండో కాలమ్ చూడండి, మొదటి రిప్లై. అక్కడ వారాలు కనిపిస్తున్నాయంటే మీకు కావాల్సింది కొత్త మనుషులు కాదు.

మన ఊళ్ళల్లో బంతి భోజనాలు చూసే ఉంటారుగా. వంద మంది ఆకలితో నిలబడి ఉన్నా సరే, వడ్డించే కుర్రాళ్ళు నలుగురే ఉంటే పెద్దాయన ముప్పై ఆకులే వేయిస్తాడు. అందర్నీ ఒకేసారి కూర్చోబెడితే పప్పు పడినవాడికి కూర రాదు, కూర పడినవాడికి అన్నం రాదు, చివరాకువాడు లేచి వెళ్ళిపోతాడు, వెళ్ళి ఊరంతా చెప్తాడు. ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా చూసి మార్పులు పంపగలిగే ప్రాజెక్టుల్లో, వడ్డించేవాళ్ళంటే రివ్యూయర్లు, వచ్చిన పీఆర్‌లు చదివి సరిచూసేవాళ్ళు. కమ్యూనిటీ పెంచుదాం అనగానే మనవాళ్ళు పోస్టరు, మీటప్, స్టిక్కర్లు అంటారు, అంటే జనాన్ని పిలవడం గురించే. వడ్డించేది ఎవరు అని అడగరు.

లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకే, మీవి మీరు పెట్టుకోండి. మీకు నలుగురు రివ్యూయర్లు, ఒక్కొక్కరు వారానికి 2 గంటలు ఇస్తారు (నిజంగా ఇచ్చేది రాయండి, ఇస్తానని చెప్పింది కాదు, రెండింటికీ చాలా తేడా ఉంటుంది). మొత్తం 8 గంటలు, 480 నిమిషాలు. అందులో పావు వంతు ఇష్యూలకి (జనం రాసి పంపిన సమస్యలకి) లేబుళ్ళు పెట్టడానికి, వచ్చిన ప్రశ్నలకే జవాబు చెప్పడానికి పోతుంది, మిగిలింది 360. పాతవాళ్ళ పీఆర్ ఒక్కోటి చదివి, కామెంట్ పెట్టి, మళ్ళీ చూసి మెర్జ్ చేసేసరికి 40 నిమిషాలు అనుకుందాం, వారానికి అలాంటివి 5 వస్తే 200 అయిపోయాయి. ఇంక 160. కొత్తగా వచ్చినవాళ్ళ మొదటి పీఆర్‌కి రెట్టింపు టైం పడుతుంది, బ్రాంచ్ తప్పు, ఫార్మాట్ తప్పు, స్టైల్ గైడ్ ఒకటుందనే తెలీదు, 80 నిమిషాలు వేసుకోండి. అంటే వారానికి ఇద్దరు. ఇద్దరే! ఇప్పుడు మీరు ఆదివారం ఒక కాలేజీలో వర్క్‌షాప్ పెట్టి 30 మంది చేత పీఆర్‌లు వేయించారనుకోండి, చివరివాడి వంతు వచ్చేసరికి 15 వారాలు, మూడున్నర నెలలు. వాడు అప్పటికి సెమిస్టర్ పరీక్షలు కూడా రాసేసి ఉంటాడు.

ఇది నిజంగా జరిగింది కూడా. 2020 అక్టోబర్‌లో హాక్టోబర్‌ఫెస్ట్‌లో (ఓపెన్ సోర్స్‌కి పీఆర్‌లు వేయించడానికి డిజిటల్ ఓషన్ అనే క్లౌడ్ కంపెనీ పెట్టే పండగ) నాలుగు పీఆర్‌లు వేస్తే టీషర్ట్ అన్నారు, దాంతో రీడ్‌మీ ఫైళ్ళల్లో (ప్రాజెక్టు పరిచయం రాసే ఫైళ్ళు) ఒక విశేషణం తగిలించి పంపేవాళ్ళు వరద కట్టేసారు, మెయింటైనర్లు, అంటే ప్రాజెక్టులు నడిపేవాళ్ళు, గోలపెడితే డిజిటల్ ఓషన్ వాళ్ళు ఆ మొదటి వారంలోనే రూల్ మార్చి, ఒప్పుకున్న రిపోలే లెక్కలోకి వస్తాయన్నారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రోగ్రామింగ్ ప్రాజెక్టు రీడ్‌మీకి ఇదే గతి, ట్యుటోరియల్ చూసి మన దేశం నుంచే బోల్డంత మంది స్టూడెంట్లు తమ పేరు చేర్చి పీఆర్ పంపారు. పిల్లల్ని అందరూ తిట్టారు గానీ నాకైతే వాళ్ళ మీద పెద్ద కోపం లేదు. పీఆర్ ఎలా వేయాలో నేర్పినవాళ్ళు దాన్ని అవతల ఒక మనిషి కూర్చుని చదవాలని నేర్పలేదు, అదీ సంగతి.

సరే, ఇద్దర్ని ఐదుగురు చేయడం ఎలా? రెండు దారులున్నాయి. ఒకటి నిమిషాలు తగ్గించడం, ఇంకోటి వడ్డించేవాళ్ళని పెంచడం. మొదటిది తేలిక కాబట్టి తొందరగా చెప్పేస్తా: పీఆర్ టెంప్లేట్ పెట్టండి, కామాలూ స్పేసులూ పట్టుకోడానికి వేల్ లాంటి లింటర్ (రాతలో తప్పులు తనే పట్టుకునే ప్రోగ్రాం) పెట్టండి, పేజీ ఎలా కనిపిస్తుందో పీఆర్‌లోనే ప్రివ్యూ లింక్ వచ్చేలా చేయండి (కుబర్నెటీస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు డాక్స్‌కి నెట్లిఫై అనే సర్వీసు ఆ పని చేస్తుంది). మిషన్ చెప్పగలిగింది మనిషి చెప్పకూడదు. 80 కాస్తా 50కి దిగినా వారానికి మూడో మనిషి వచ్చినట్టే.

రెండోదే అసలు పని. ఇక్కడ కుబర్నెటీస్ డాక్స్ గ్రూపు, సిగ్ డాక్స్ అంటారు, వాళ్ళ పద్ధతి చూడండి. మెట్లు కట్టారు: ఎవరైనా పీఆర్ వేయొచ్చు, కొంత పని చేసాక ఇద్దరు రివ్యూయర్లో అప్రూవర్లో హామీ ఉంటే మెంబర్ అవుతారు, తర్వాత రివ్యూయర్, తర్వాత అప్రూవర్. రివ్యూని కూడా రెండు ముక్కలు చేసారు, 'ఎల్‌జీటీఎం' (లుక్స్ గుడ్ టు మీ) అంటే విషయం బాగుంది అని ఒకరు, 'అప్రూవ్' అంటే ఇంక మెర్జ్ చెయ్యొచ్చు అని ఇంకొకరు. దీనివల్ల లాభం ఏంటంటే పూర్తి అధికారం ఇవ్వకముందే మనిషి చేత సగం పని చేయించొచ్చు, తప్పు చేసినా పట్టుకునేవాడు ఉంటాడు. పైగా వారానికొక అప్రూవర్ పీఆర్ రాంగ్లర్‌గా డ్యూటీ ఎక్కుతారు, పేరుకుపోయిన పీఆర్‌లు కదిలించడం ఆ వారం వాళ్ళ పని. వారం అయిపోతే దిగిపోతారు. ఆ దిగిపోవడమే ముఖ్యం, అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు, ఒక్కడి పనే అంటే ఏడాదిలో వాడు మాయం.

రివ్యూయర్లుగా ఎవర్ని తీయాలి? ఎక్కువ పీఆర్‌లు వేసినవాళ్ళని కాదు, ఈ తప్పు నేనూ చేసాను. నేను పనిచేసిన ఒక చిన్న ప్రాజెక్టులో వరసగా రాసుకుంటూ పోయే ఒకతన్ని రివ్యూయర్ చేసాం, పాపం ఆయన రాయడం మానేసాడు, రివ్యూ కూడా చెయ్యలేదు. ఇతరుల పీఆర్ కింద ఎవరూ అడక్కుండానే 'ఇక్కడ ఈ కమాండ్ పాత వెర్షన్‌ది' అని కామెంట్ పెట్టేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళని పట్టుకోండి. వెళ్ళిపోయేవాళ్ళని కూడా ప్లాన్‌లో వేసుకోవాలి, పెళ్ళి, ఉద్యోగం మారడం, పిల్లలు, వలంటీర్‌కి ఇవన్నీ మామూలే, కాబట్టి నలుగురిలో ఒకరు ఏడాదిలో తగ్గుతారనే లెక్క రాసుకోండి. కుబర్నెటీస్‌లో అలా తప్పుకున్నవాళ్ళ పేర్లకి ఓనర్స్ ఫైల్‌లో (రివ్యూ, అప్రూవ్ ఎవరు చేయొచ్చో రాసే ఫైల్) ఎమెరిటస్ అని వేరే చోటుంది, గౌరవంగా పక్కకి జరగొచ్చు.

తెలుగు అనువాదం మొదలెడదాం అని ఉబలాటపడే వాళ్ళకి ఒక్క మాట. ఎవరి పీఆర్ వాళ్ళే అప్రూవ్ చేసుకోకూడదు కాబట్టి ఏ భాషకైనా కనీసం ఇద్దరు ఉండాలి, తెలుగు చదివి సాంకేతిక విషయం కూడా పట్టుకోగలిగేవాళ్ళు ఇద్దరు. వెబ్ డెవలపర్లు చదివే డాక్స్ సైటు ఎండీఎన్ 2020 డిసెంబర్‌లో వికీ నుంచి పీఆర్‌లతో నడిచే గిట్‌హబ్‌కి మారినప్పుడు అనువాదాలన్నీ ఆపేసి, చూసుకుంటామని టీం ముందుకొచ్చిన భాషల్నే మళ్ళీ తెరిచారు. కఠినంగా అనిపించొచ్చు గానీ పాతబడిపోయిన తెలుగు పేజీ అసలు పేజీ లేకపోవడం కన్నా ప్రమాదం, చదివినవాడు ఆ కమాండ్ కొట్టేస్తాడు.

ఈ వారం ఇంటిపని. మీ రివ్యూయర్ల దగ్గరకి వెళ్ళి పోయిన నెల నిజంగా ఎన్ని గంటలు ఇచ్చారో విడివిడిగా అడగండి, గ్రూపులో అడక్కండి, మొహమాటానికి ఎక్కువ చెప్తారు. పై లెక్కలో మీ అంకెలు వేసి వారానికి ఎంతమంది కొత్తవాళ్ళని తీసుకోగలరో తేల్చండి. సున్నా వచ్చినా కంగారు పడకండి, చాలామందికి సున్నానో, మైనస్సో వస్తుంది. తర్వాత గత ఆరు నెలల్లో అడక్కుండా కామెంట్లు పెట్టిన ముగ్గురి పేర్లు రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ ముగ్గురితోనే పని, వాళ్ళకి మెసేజ్ ఎలా రాయాలి, ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలి అన్నది.