పాత బ్యారక్ గోడకు ఎక్కిన చెమ్మ: నా అనుభవం

పాత గోడలకు కింద నుంచి చెమ్మ ఎక్కితే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మాది కడప శివారులో తెల్లదొరల నాటి సిపాయిల బ్యారక్. పిల్లలకు చదువుకునే గదిగా మారుద్దామని ఆదివారాలు పని చేస్తున్నాం. సున్నంతో కట్టిన రాతి గోడలు. కింది మూడడుగులు పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పూసేది.

సిమెంటు పూత, నీరు పట్టని రంగు, మళ్లీ సిమెంటు: మూడూ దండగే.

చివరికి సిమెంటంతా చిన్న ఉలితో ఊడదీశాం. వెనక రాళ్ల సందుల్లో వేలు పెడితే తడి. చెమ్మ బయటికి పోయే దారి మూసింది మేమే! తర్వాత బయట గోడ వారగా పోసిన కాంక్రీటు పగలగొట్టి, అడుగు లోతు తవ్వి కంకర నింపాం. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులిపాం. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఎండాకాలమంతా గోడను అలాగే వదిలేశాం. కడప ఎండ మాకు ఉపకారం చేసింది అప్పుడే. ఆపైన కొత్త పూత కలిపాం: నెలరోజులు నీళ్లలో నానబెట్టిన సున్నం, గడ్డపెరుగులా ఉన్నది, ఒక పాలు. ఇసుక మూడు పాళ్లు. కొంచెం ఇటుక పొడి. పలచగా రెండు పూతలు, వారం పాటు తడి గోనెసంచులు. పైన వెల్ల మాత్రమే వేశాం.

రెండు వానాకాలాలు గడిచినా పెచ్చు ఊడలేదు. ఈశాన్య మూల మాత్రం ఇంకా ఉప్పు పూస్తోంది, కారణం అంతుపట్టలేదు. సిమెంటుతో కట్టిన ఇళ్లకు ఇది పనిచేస్తుందని చెప్పలేను. కప్పు కారుతుంటే ముందు దాని సంగతి చూడండి.