ప్రూసిక్ శిఖరం దాకా తాడు మోసుకెళ్ళడం ఎలా

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఎన్‌చాంట్‌మెంట్స్ (కొండల మధ్య సరస్సుల వరస) అనగానే ఒక్క రోజులో 18 మైళ్ళు నడిచొచ్చి, ఆ తర్వాత నాలుగు రోజులు మెట్లు దిగలేక మూలగడమే అనుకుంటారు. ఆ సరస్సుల మధ్యే ప్రూసిక్ అని 8,000 అడుగుల రాతి శిఖరం ఉంది. దాని పడమటి గట్టు మీద దారి ఫైవ్ సెవెన్, అంటే రాయి ఎక్కడంలో తేలిక గ్రేడే. జిమ్‌లో అయితే ఆ గ్రేడ్‌ని పిల్లలు ఎక్కేస్తారు. మేం నలుగురం మాత్రం మొదటిసారి ఎక్కకుండానే వెనక్కొచ్చాం. రాయి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది, అప్పటికే అందరి మోకాళ్ళూ చేతులెత్తేశాయి. అందుకే ఇక్కడ ఎక్కడం గురించి తక్కువ, మోయడం గురించి ఎక్కువ చెప్తాను.

ముందు పర్మిట్. 1976లో ఏర్పడిన ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌లో 700కు పైగా సరస్సులున్నా, అందరి కళ్ళూ ఈ కాసిని సరస్సుల మీదే. మే 15 నుంచి అక్టోబర్ 31 దాకా రాత్రి ఉండాలంటే లాటరీ తగలాలి. దరఖాస్తులు ఫిబ్రవరి మధ్యలో మొదలవుతాయి. నలుగురూ విడివిడిగా, వేర్వేరు తేదీలకి వేయండి. శని, ఆదివారాలు అడక్కండి. పర్మిట్ జోన్ల వారీగా ఇస్తారు. ప్రూసిక్ ఉన్న నడిమి భాగం, అంటే కోర్ జోన్ వస్తే ఏ జోన్‌లోనైనా పడుకోవచ్చు. కిందున్న కోల్చక్ జోన్ మాత్రమే వస్తే ఆ పేరున్న సరస్సు దగ్గర గుడారం వేసి, తెల్లవారకముందే లేచి పైకెళ్ళి రాత్రికి తిరిగి రావాలి. కుదురుతుంది కానీ సరదాగా ఉండదు. ఒక బృందంలో ఎనిమిది మందికి మించకూడదు. ఎక్కడానికైతే నలుగురే నయం, రెండు జతలు. బంగారు రంగు లార్చ్ చెట్ల కోసం జనం అక్టోబర్ మొదట్లో ఎగబడతారు. అప్పుడు రాయి చల్లగా ఉంటుంది, వేళ్ళు మొద్దుబారతాయి. నా ఓటు సెప్టెంబర్ మొదటి వారానికే. దోమలుండవు, దారిలో దాటాల్సిన ఆస్‌గార్డ్ కనుమ మీద మంచూ ఉండదు. కార్చిచ్చు పొగ వచ్చిందంటే మాత్రం మన చేతుల్లో ఏం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కోల్చక్ సరస్సు 5,570 అడుగుల ఎత్తున ఉంది. దాని తల మీద నిలబడ్డ ఆస్‌గార్డ్ కనుమ 7,800 అడుగులు. ఈ రెండు వేల పైచిలుకు అడుగులూ మైలు కూడా లేని దూరంలో ఎక్కాలి, అదీ కదిలే బండల మీద. 60 మీటర్ల తాడు ఒక్కటే మూడున్నర కిలోలుంటుంది. క్యామ్‌లు, నట్‌లు (రాతి పగుళ్ళలో ఇరికించి తాడు తగిలించేవి), హార్నెస్ (తాడు కట్టుకునే నడుం పట్టీ), హెల్మెట్, షూస్ దానికి అదనం. మొదటిసారి ఎవరి సామాను వాళ్ళే సర్దుకున్నాం. చూస్తే మూడు స్టవ్‌లు తేలాయి! రెండోసారి ముందు రోజు రాత్రే అంతా మా హాల్లో కుప్ప పోసి, బాత్రూమ్ స్కేల్ మీద పెట్టి పంచుకున్నాం. మనిషికి 16 కిలోలు దాటనివ్వలేదు. మర్నాడు లీడ్ చేసేవాళ్ళకి, అంటే అందరికంటే ముందు రాయి ఎక్కేవాళ్ళకి తాడు ఇవ్వకండి. మా నెల్లూరు మిత్రుడు లీడ్ చేయడు, కానీ తాడు మెడలో వేసుకుని గంగిరెద్దులా తల ఊపుతూ అందరికంటే ముందు కనుమ చేరాడు.

జూలైలో వెళ్తే కనుమ మీద ఇంకా మంచుంటుంది. ఐస్ యాక్స్ తీసుకెళ్ళండి, దాన్ని వాడటం ముందే నేర్చుకోండి. అడుగున నీళ్ళ చప్పుడు వినిపించే మంచు మీద జారుతూ దిగాలని సరదా పడొద్దు. లోపల వాగు తొలిచేసి బోలుగా ఉంటుంది.

తిండి విషయానికొస్తే, ఆ ఎత్తున నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు మీద ఆశ వదులుకోండి. ఇంట్లోనే రవ్వ వేయించి, తాలింపు వేసి, ఉప్పు కలిపి జిప్ కవర్లలో కట్టుకుంటే వేడినీళ్ళు పోసి మూత పెట్టడమే పని. మొదటి రాత్రికి చింతపండు పులిహోర. ఎక్కేరోజు జేబుల్లో సున్నుండలు, మనిషికి నాలుగు.

ఎక్కే రోజు ఏడింటికల్లా ప్రూసిక్ పాస్ (శిఖరం పక్కనున్న కనుమ) దాటండి. గట్టు మీద పిచ్‌లు (ఒక్కో తాడు పొడవులో ఎక్కే మజిలీలు) చాలావరకు తేలికే, ఒక్క పలక తప్ప. నున్నగా, వాలుగా ఉంటుంది, చేతులకి పట్టు దొరకదు, పాత మేకు ఒకటి కొట్టి ఉంటుంది. భయంతో రాతిని కౌగిలించుకుంటే కాళ్ళు జారతాయి. నడుం వెనక్కి పెట్టి, మడమలు దించి, బరువంతా పాదాల మీద వేసి చిన్న అడుగులతో నడవాలి. నేను మొదట తాడు కట్టుకున్నది భువనగిరి గుట్ట మీద. అక్కడి ఏకశిల నేర్పిందీ ఇదే. అలవాటు లేనివాళ్ళు ముందు రోజు లెవెన్‌వర్త్ దగ్గర ఐసికిల్ క్రీక్ గ్రానైట్ మీద కాసేపు పాదాలకి ధైర్యం చెప్పించండి.

దిగేది ఉత్తరం వైపు రాపెల్‌లతో, అంటే తాడు మీద జారుతూ. తాడు కొసలకి ముడులు వేయడం తప్పనిసరి, లాగేముందు వాటిని విప్పడం అంతకంటే తప్పనిసరి. రెండో రాపెల్ దగ్గర నేను లాగడం మొదలెట్టాక అవతలి కొస ముడితో సహా నా తల దాటి పైకి పోతోంది. మా మిత్రుడు “రేయ్, ముడీ!” అని అరుస్తూ ఎగిరి పట్టుకున్నాడు. స్లింగ్‌తో కట్టుకుని ఉన్నాడు కాబట్టే ఎగరగలిగాడు. అది పోయి పైన పగుల్లో ఇరుక్కుంటే రాత్రంతా అక్కడే. అప్పట్నుంచి లాగే మనిషిని పక్క మనిషి “ముడి విప్పావా?” అని అడిగి తీరాలి. ప్రతి ఒక్కరి దగ్గరా ప్రూసిక్ ముడికి (తాడు చుట్టూ వేస్తే, బరువు పడగానే బిగుసుకునే ముడి) సన్నతాడు కూడా ఉండాలి. రాపెల్‌లో చెయ్యి వదిలినా పట్టి ఆపేది అదే. 1948లో ఫ్రెడ్ బెకీ, ఆర్ట్ హోల్బెన్ తొలిసారి ఎక్కిన ఈ శిఖరానికి ఆ ముడి పేరే ఉంది.

ఇక కొండమేకలు. వాటికి ఉప్పు పిచ్చి. మూత్రానికి వెళ్ళాలంటే గుడారానికి దూరంగా, మొక్కల మీద కాకుండా రాతి మీద వెళ్ళండి. చెమట పట్టిన హార్నెస్ బయట వదిలేస్తే తెల్లారేసరికి పట్టీ నమిలేసి ఉంటుంది. నాది ఒకటి అలాగే పోయింది.

వచ్చిన దారిన కాకుండా అవతలి స్నో లేక్స్ వైపు దిగేటట్టయితే కింద రెండో కారు ఉండాలి. ముందు రోజే పెట్టి రండి. దాని తాళంచెవి దిగేవాళ్ళ బ్యాగులోనే ఉందో లేదో నడక మొదలయ్యే స్టూవర్ట్ లేక్ ట్రైల్‌హెడ్ దగ్గర తీసి చూపించమనండి. మాది మొదటి కారు డ్యాష్‌బోర్డులో ఉండిపోయింది.