సంఘం సొమ్ముకు లెక్క అడగడం ఎలా: మార్కెట్ యార్డు హమాలీలకు

కర్నూలు ఉల్లి మార్కెట్లోనైనా, ఆదోని పత్తి యార్డులోనైనా హమాలీకి మోసిన లెక్కనే కూలి వస్తుంది, సంఘం చందా కూడా ఆ కూలిలోంచే పోతుంది. ఆ చందా ఏమైందని అడిగినవాడికి జవాబు బదులు బెదిరింపు ఎదురైతే ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోవాలి: డబ్బు లెక్క ఒక ఫిర్యాదు, దెబ్బలు మరో ఫిర్యాదు. మొదటిది కార్మిక శాఖకు, రెండోది పోలీసులకు వెళ్లాలి. రెంటినీ ఒకే కాగితంలో కలిపి రాస్తే, ఇది మా పరిధి కాదంటూ ఇద్దరూ తప్పించుకుంటారు.

లెక్క రశీదుల దగ్గర మొదలవుతుంది. నేను కొంతకాలం ఒక సంఘానికి లెక్కలు రాశాను. ఒక రోజు ఒక పెద్దాయన బీడీకట్టతో పాటు దాచుకున్న రశీదు తీసి చూపించారు. అందులో వంద రూపాయలని ఉంది. అదే నంబరున్న అడుగుప్రతిలో పది రూపాయలే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అడుగుప్రతి మీద కార్బను నీలం బదులు పెన్ను సిరా కనిపించింది. అంటే వసూలప్పుడు కార్బను పెట్టకుండా పైకాగితం చించి ఇచ్చి, అడుగుది తర్వాత తీరిగ్గా రాసుకున్నారన్నమాట. అందుచేత ఎంతమంది దగ్గర దొరికితే అన్ని రశీదులు పోగుచేసి, ప్రతిదానికీ ఫోటో తీసి, నంబరు, తేదీ, వసూలు చేసినవారి పేరు ఒక నోటుబుక్కులో వరుసగా రాయాలి. రశీదు లేకుండా తీసుకున్న సొమ్మును ఆ రోజే రాసుకోవాలి. నెల తర్వాత గుర్తుచేసుకుని రాసినదాన్ని ఎవరూ లెక్కచేయరు.

నమోదైన సంఘం ఖాతా పుస్తకాలను, సభ్యుల జాబితాను సంఘం నిబంధనల్లో చెప్పిన వేళల్లో చూసే హక్కును 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే సభ్యుడికి ఇచ్చింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. సంఘం నిధిని ఏయే పనులకు వాడాలో కూడా చట్టమే చెబుతుంది, నాయకుడి ఇంట్లో పెళ్లి ఖర్చు వాటిలో లేదు. పుస్తకాలు చూపమనే అర్జీని ఒక్కరు ఇవ్వకూడదు. కనీసం పదిమంది సంతకాలతో స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రుజువును దాచాలి. పదిమంది పేర్లున్నప్పుడు ఎవరో ఒక్కరిని పట్టుకుని కొట్టడం వల్ల నాయకులకు ఒరిగేదేమీ ఉండదు. అప్పటికీ చూపకపోతే కార్మిక శాఖలోని ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేయాలి. సంఘం ఏటా ఆయనకు ఆడిట్ చేసిన జమాఖర్చుల నివేదిక పంపాలి గనుక, దాని నకలు కావాలని కార్మిక శాఖకు సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ నివేదికలోని చందా మొత్తాన్ని మీ నోటుబుక్కుతో పోల్చితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

ఇక చేయి చేసుకున్నప్పుడు మొదట వెళ్లాల్సింది ప్రభుత్వాసుపత్రికి. జారిపడ్డానని చెప్పకుండా, కొట్టారని చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా రాయించుకోవాలి. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లలో పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేయడం అలవాటే, కానీ గాయం కాగితం మీదికి ఎక్కకముందే రాజీకి కూర్చుంటే రెండోసారి కొట్టినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. బలవంతపు వసూలు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 308వ సెక్షను కిందికి, చంపుతామన్న బెదిరింపు 351వ సెక్షను కిందికి వస్తాయి. మీ ఠాణాలో నాయకుడికి పలుకుబడి ఉంటే మరో ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. నేరం తమ పరిధిలో జరగలేదన్న సాకుతో వారు తిప్పి పంపకూడదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. బెదిరింపు ఫోనులో రికార్డయి ఉంటే ఆ ఫోనును అమ్మకుండా, మార్చకుండా అలాగే ఉంచాలి.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోనక్కరలేదు. ఎస్సీ, ఎస్టీ సభ్యులకు, మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. అందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. సాక్షులకు ప్రాణభయం ఉంటే, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద రక్షణ కోరుతూ దరఖాస్తు రాసిపెట్టమని ఆ న్యాయవాదినే అడగండి.