బొమ్మలు తర్వాత, ముందు దూకడం చూడండి

గండికోట నేపథ్యంగా గేమ్ చేయాలనుకునే మన కడప తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. కోట గోడలు, మాధవరాయ గుడి, కింద పెన్నా లోయ... ఇవన్నీ గీయడానికి అప్పుడే కూర్చోకండి. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో (Godot) ఇంజిన్ ఉచితం, 2డీ గేమ్‌కైతే మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో ఒక బూడిదరంగు డబ్బా పెట్టి అదే హీరో అనుకోండి. ఇంకో రెండు డబ్బాలు కొండ అంచులు, మధ్య ఖాళీ లోయ. హీరో ఇటునుంచి అటు దూకాలి, అంతే.

ఆ దూకడం మీదే టైమ్ పెట్టండి. పైకి లేచేటప్పటికన్నా కిందికి పడేటప్పుడు గ్రావిటీ కాస్త పెంచండి, తేలిపోతున్నట్టు ఉండదు. అంచు దాటాక కూడా 0.1 సెకను వరకు జంప్ బటన్ పనిచేయనివ్వండి. లేకపోతే ఆడేవాళ్లు "నేను నొక్కినా దూకలేదన్నా" అంటారు. వాళ్ల మాట నిజమే, చెయ్యి కంటికన్నా కాస్త ఆలస్యం.

తర్వాత ఫ్రెండ్ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా వాళ్ల వేళ్లనే చూడండి. హీరో చచ్చిన వెంటనే వాళ్లు మళ్లీ మొదలుపెడితే, అప్పుడు బొమ్మలకు దిగొచ్చు.